మాట ఆగితే చెయ్యి ఆగాలి

మార్చి 3, మంగళవారం

ఈ రోజు సైటులో చిన్న గొడవ. ఎవరికీ ఏమీ కాలేదు. కింద నిలబడి నాకు సిగ్నలిచ్చే బాబాయ్ కాలు బెణికింది.

మాట ఆగింది. నేను ఆపాను. అంతే.

మార్చి 4, బుధవారం

నిన్న ఇంకా రాద్దామనుకున్నాను కానీ చెయ్యి వణికింది. ఫ్యాను కింద కూర్చున్నాను, అందుకు.

ఇవాళ పొద్దుటి మీటింగులో ఇంజినీరు నన్ను ముందుకు పిలిచి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మేస్త్రీలు, ఊచలు కట్టేవాళ్ళు, సిమెంటు కలిపేవాళ్ళు, అందరూ కొట్టారు. "క్రేను నడపడమంటే బండి తోలడం కాదు. నిన్న బాబాయ్ కింద పడి రేడియో జారిపోయిన క్షణంలోనే అన్న చెయ్యి ఆగింది. రెప్పపాటు ఆలస్యమైతే ఊచల కట్ట బాబాయ్ గుండెల మీద ఉండేది. నరాలంటే అవీ! ఉక్కు నరాలు!" అన్నాడు.

అన్న అంటే నేనే. ఈ సైటుకు వచ్చిన కొత్తలో ఎవరో వెక్కిరింతగా 'మగరాయుడు' అన్నారు. నాలుగు రోజులు నా పని చూశాక వెక్కిరింత పోయి 'అన్న' మిగిలింది. ఇంట్లో అమ్మ ఎలాగూ నన్ను 'ఏరా' అనే పిలుస్తుంది. నాన్న పోయినప్పుడు పక్కింటావిడ "ఇంటికి మగదిక్కు లేకుండా పోయిందే" అని కళ్ళు తుడుచుకుంటే, అమ్మ నన్ను చూపించి "వీడున్నాడుగా" అంది. అప్పుడు నాకు రెండు జడలు. అప్పట్నుంచీ 'వీడు' ఉన్నాడు.

అందరూ పిచ్చుక అని పిలిచే కొత్తపిల్ల మాత్రం నన్ను 'అక్కా' అంటుంది. ఎన్నిసార్లు చెప్పినా మానదు. క్రేను నేర్చుకుంటానని నన్ను చూసే చేరింది. ముందు బాబాయ్ పక్కన కింద నిలబడి సిగ్నళ్ళు నేర్చుకోవాలి, ఆ తర్వాతే పైకి. హెల్మెట్టు పెడితే కింద మనిషి ఉందో లేదో తెలియదు, అంతే ఉంటుంది.

చప్పట్లయ్యాక ఇంజినీరు పిచ్చుకను నిలబెట్టాడు. నిన్న రేడియోలో ఆ పిల్ల వేసిన కేకకు సైటంతా హడలిపోయిందట. పై అంతస్తు అంచుల్లో పనిచేసేవాళ్ళు ఉలిక్కిపడి కాలు జారితే ఎవరిది పూచీ అని అడిగాడు. "ఇదేమన్నా సినిమా అనుకున్నావా? అరవాలనిపిస్తే ఇంటికెళ్ళి అరుచుకో."

పిచ్చుక నావైపు చూసింది.

"అరిచేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. నన్ను చూసి నేర్చుకో," అన్నాను.

మార్చి 5, గురువారం

మాట ఆగింది. నేను ఆపాను.

మార్చి 6, శుక్రవారం

క్రేను నిచ్చెన మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చిన్న అరుగులాంటిది ఉంటుంది. ఇన్నేళ్ళలో నేనక్కడ ఆగింది లేదు. ఇవాళ ఆగాను. కాళ్ళు రాలేదు. కిందనుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. నా బూట్లకు లేసులుండవు.

పైకెళ్ళాక క్యాబిను నేల మీది అద్దానికి గోనెపట్టా కప్పాను. ఎండ కొడుతోందని. ఎండ కిందనుంచి కొట్టదని నాకు తెలుసు.

బాబాయ్ సెలవు పెట్టాడు. ఆయన చోట్లో పిచ్చుకను నిలబెట్టారు. పొద్దున పిల్లకు పాఠం మళ్ళీ అప్పజెప్పించాను. లిఫ్టు గోడ వెనక ఏముందో పైనుంచి నాకు కనపడదు. కింద ఉన్నవాళ్ళ గొంతే నాకు కళ్ళు. బరువు దిగుతున్నంతసేపూ "దించు, దించు, దించు" అని ఎడతెరిపి లేకుండా అంటూనే ఉండాలి. దగ్గొచ్చి ఆగినా, బ్యాటరీ అయిపోయి ఆగినా, మనిషి పడిపోయి ఆగినా, మాట ఆగితే చెయ్యి ఆగాలి. నేను లివరు వదిలేస్తే చాలు, బ్రేకు దానంతటదే పట్టేసుకుంటుంది, హుక్కు ఎక్కడున్నది అక్కడే నిలిచిపోతుంది.

పిల్ల గడగడా అప్పజెప్పింది. ఆఖర్న, "మరి ఆ రోజు నేను..." అంటూ ఏదో మొదలుపెట్టింది. పనికి టైమైందని పైకి ఎక్కేశాను.

మార్చి 8, ఆదివారం

సెలవు. అమ్మ పక్కింటావిడను పిలిచి మరీ చెప్పింది, "మావాడికి సైటులో సన్మానం చేశారు, ఒక మనిషి ప్రాణం కాపాడాడు," అని. పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసి, "మా ఇంట్లో ఇద్దరు మగపిల్లలున్నారు, దేనికీ కొరగారు," అంది. అమ్మ మొహం చూడాలి. చేటంత అయింది.

వంటింట్లో ఉక్కపోసి చచ్చిపోయాను. అమ్మ ఆ కిటికీ తియ్యనివ్వదు. సైటు మా వీధి చివరకు వచ్చినప్పట్నుంచీ ఇదే వరస. "దుమ్మొస్తుందిరా, ఉండనీ," అంటుంది. అంట్లు తోముతూ అడిగాను, "అమ్మా, నీకెప్పుడైనా భయమేసిందా?"

"నువ్వుండగా నాకేం భయంరా," అంది అమ్మ. అని, కిటికీ గడియ పడిందో లేదో మరోసారి చూసుకుంది.

మార్చి 9, సోమవారం

మేకపోతు గాంభీర్యం అనే మాట కనిపెట్టినవాడు నన్నెక్కడో చూసి ఉంటాడు.

మార్చి 11, బుధవారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఇక్కడ కూడా ఎందుకు అబద్ధం రాస్తున్నాను?

మాట ఆగింది. నా చెయ్యి ఆగలేదు.

రాశాను. ఇప్పుడు మిగతాదీ రాస్తాను.

నాకో పేరుంది. 'అన్న మాటకంటే ముందే దించేస్తాడు' అని. వేరే క్రేను వాళ్ళు అంగుళం అంగుళం దించుతుంటే, నేను అంచనా మీద దించేస్తాను. బాబాయ్ నోట్లోంచి 'దించు' వచ్చేసరికి కట్ట సగం దిగి ఉంటుంది. కింద అందరూ నవ్వేవాళ్ళు. బాబాయ్ కూడా నవ్వేవాడు, "నేనెందుకిక్కడ, ఇంటికి పోనా?" అని. నాకు ఆ నవ్వంటే ఇష్టం. ఆ నవ్వు కోసమే ఇంకాస్త తొందరగా దించేదాన్ని.

ఆ రోజు బాబాయ్ వెనక్కి అడుగేశాడు, పరిచిన ఊచల మధ్య కాలు ఇరుక్కుని వెల్లకిలా పడ్డాడు. రేడియో ఎగిరిపోయింది. పైన నాకు తెలిసిందల్లా, గొంతు ఆగింది. నేనేమనుకున్నాను? దగ్గొచ్చిందేమో అనుకున్నాను. ఇంకొంచెమేగా, నాకు తెలీదా అనుకున్నాను. దించుతూనే ఉన్నాను.

అప్పుడు పిచ్చుక అరిచింది. తన చేతిలోని రెండో రేడియో వినడానికే గానీ మాట్లాడడానికి కాదని ఆ పిల్లకు మొదటిరోజే చెప్పారు. అయినా బటన్ నొక్కి అరిచింది. అది మాట కాదు. 'ఆగు' కాదు. ఉత్త కేక. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను రెండు లివర్లూ వదిలేసి చెవులు మూసుకున్నాను. ఆపలేదు నేను. చెవులు మూసుకున్నాను! కళ్ళు కూడా మూసుకున్నాను. లివరు వదిలేశాను కాబట్టి అదే ఆగింది. బాబాయ్ ఛాతీకీ కట్టకూ మధ్య జానెడు కూడా లేదట.

నా ఉక్కు నరాలు ఇవి.

ఆ కేకే లేకపోతే బాబాయ్ లేడు. ఆ కేక వేసినందుకు నేను ఆ పిల్లను పదిమందిలో కసిరాను. రేపు పొద్దున్నే పిలిచి చెప్పాలి. నువ్వు చేసిందే సరైనదని, మళ్ళీ అలాగే అరవమని.

మార్చి 12, గురువారం

చెప్పలేదు. గాలి ఎక్కువగా ఉంది.

మార్చి 13, శుక్రవారం

చెప్పబోయాను. పిల్ల చుట్టూ ఊచలవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఎలా చెప్పను, అన్న చెవులు మూసుకున్నాడని?

పిచ్చుక గొంతు మారింది. మొదట్లో ప్రతి 'దించు'కూ ఒక్కో రాగం ఉండేది. ఇప్పుడు బల్లపరుపుగా వస్తోంది. ఇంజినీరు మెచ్చుకున్నాడు, "అన్న ట్రైనింగ్ అంటే ఏమనుకున్నారు!" అని. పిల్ల మురిసిపోయింది.

సోమవారం చెప్పేస్తాను.

మార్చి 16, సోమవారం

నీళ్ళు తాగాను.

ముందు నీళ్ళు తాగాను.

మార్చి 17, మంగళవారం

పని ఆపేశారు. ఇంట్లో ఉన్నాను. అమ్మ రెండుసార్లు గదిలోకి వచ్చి ఏమీ అడక్కుండా వెళ్ళింది.

రాస్తే అర్థమవుతుందేమో.

నిన్న స్లాబు కింద పరిచే సెంట్రింగు ఇనప ప్లేట్ల కట్ట దించాలి. లిఫ్టు గోడ వెనకే. పొద్దుటినుంచీ నా నోరు ఎండిపోయి ఉంది, ఈ మధ్య పైకెక్కితే అంతే. పిచ్చుక "దించు, దించు, దించు" అంటోంది. నేను పద్ధతిగానే దించాను, ప్రతి మాటకూ ఆగి ఆగి. "ఆగు," అంది. ఆపాను. కాస్త ఆగి "ఎత్తు," అంది. "కొంచెం ఎత్తక్కా."

అదే గొంతు. బల్లపరుపుగా, కాస్త మర్యాదగా. కూరలో ఉప్పు కొంచెం వెయ్యమన్నట్టు.

కట్ట కింద పెట్టే దిమ్మ పక్కకు జరిగిందేమో, సర్దుకుంటోంది అనుకున్నాను. సీసా తీశాను. మూత తిప్పాను. నీళ్ళు తాగాను. రెండు గుక్కలు కాదు, దాహం తీరేదాకా తాగాను. మూత పెట్టాను. "కొంచెం ఎత్తక్కా," అంది మళ్ళీ. "ఎత్తుతున్నానమ్మా, తొందరేముంది," అన్నాను. నవ్వుతూ అన్నాను. ఎత్తాను.

"ఆగు. సరే అక్కా," అంది.

తర్వాత గొంతు లేదు. హుక్కు అలాగే ఆపి ఉంచాను. ఈసారి ఆపాను. కాసేపటికి ఎవరో మేస్త్రి గొంతు, "అన్నా, రక్తం! పిల్ల చెయ్యి..."

దిమ్మ సర్దబోతుంటే కుడిచేతి వేళ్ళు కట్ట కింద పడ్డాయి. నేను నీళ్ళు తాగుతున్నంతసేపూ, ఆ వేళ్ళు ప్లేట్ల కింద ఉన్నాయి. ఆ పిల్ల ఎడంచేత్తో రేడియో పట్టుకుని, మెల్లగా, మర్యాదగా, కొంచెం ఎత్తక్కా అంది.

ఎంత గట్టిగా తన్నుకొచ్చి ఉంటుంది ఆ కేక! ఎక్కడ పెట్టుకుంది దాన్ని?

మార్చి 18, బుధవారం

ఆసుపత్రికి వెళ్ళాను. రెండు వేళ్ళ చివర్లు తీసేశారు. చెయ్యంతా తెల్లగా చుట్టి, దిండు మీద పెట్టారు. నన్ను చూడగానే పిల్ల లేవబోయింది. వాళ్ళమ్మ పడుకోబెట్టి, నాతో అంది, "డాక్టరుగారే ఆశ్చర్యపోయారండీ. ఇంత దెబ్బకి కంట నీరు పెట్టలేదంట. అంతా మీ దగ్గర నేర్చుకుంది."

నేను కుర్చీలో కూర్చున్నాను. చెబుదామనుకున్నవన్నీ వరసగా పెట్టుకుని వెళ్ళాను. నోరు తెరిచేలోపల పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది, బాగున్న చేత్తో. మొహం వెలిగిపోతోంది.

"చూశావా అక్కా," అంది. "నేను అరవలేదు."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరో పెద్దాయన మంచినీళ్ళు కావాలా అమ్మా అని అడిగాడు. వద్దని ఆయన మీద అరిచినంత పని చేశాను. పాపం, ఏమనుకున్నాడో.

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను, "అమ్మా, నాకు పైకెక్కాలంటే భయమేస్తోంది."

"నీకేంట్రా భయం!" అంది అమ్మ, వెంటనే, ముందే తయారుగా పెట్టుకున్నట్టు. తర్వాత బియ్యం కడిగినవే మళ్ళీ కడిగింది.

మార్చి 19, గురువారం

పని మళ్ళీ మొదలైంది. ఇవాళ చెప్పాను. పొద్దుటి మీటింగులో, అందరి ముందూ, దాచకుండా.

బాబాయ్ పడిన రోజు నేను ఆపలేదన్నాను. మాట ఆగినా దించుతూనే ఉన్నానన్నాను. పిచ్చుక కేక విని భయపడి చెవులు మూసుకున్నానన్నాను. ఆ కేక తప్పని చెప్పి ఆ పిల్ల నోరు నేనే నొక్కేశానన్నాను. రోజూ నిచ్చెన మధ్యలో ఆగి లేని లేసులు కట్టుకుంటున్నానని కూడా చెప్పాను. ఉద్యోగం పోతే పోయిందనుకునే చెప్పాను.

 ఇంజినీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూశారా?" అన్నాడు. "ఎదిగినకొద్దీ ఒదగాలంటే ఇదీ! ఒక మనిషి ప్రాణం కాపాడి కూడా, ఆ గొప్ప ఒక చిన్నపిల్లకి ఇచ్చేస్తున్నాడు అన్న. దెబ్బ తగిలిన పిల్లకి ఓదార్పుగా ఉంటుందని!"

చప్పట్లు కొట్టారు.

నిజం చెబుతున్నానండీ అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు. ఒక ముసలి మేస్త్రి కళ్ళొత్తుకున్నాడు. నేను ఆ చప్పట్ల మధ్య నిలబడి ఉన్నాను, నా మీద ఎవరో దుప్పటి కప్పి అంచులు బిగిస్తున్నట్టు ఊపిరాడలేదు. నిజం చెప్పినా నమ్మరని నాకు ఇంతకుముందు తెలియదు.

మార్చి 21, శనివారం

బాబాయ్‌ని చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. కాలు తగ్గింది, సోమవారం నుంచి వస్తాడు. టీ తాగుతూ నేను నోరు విప్పబోతే, చెయ్యెత్తి ఆపాడు. సైటులో 'ఆగు'కు ఎత్తే చెయ్యే.

"మీటింగులో నువ్వు చెప్పింది నా చెవిన పడిందిలే. నాకు ఆ రోజే తెలుసు."

"ఏం తెలుసు?"

"నా మాట ఆగాక కూడా కట్ట దిగుతూనే ఉంది. కింద పడుకుని చూస్తున్నవాడికి తెలీదా అమ్మాయ్? ఒక్కో ఊచా లెక్కపెట్టేంత దగ్గరికి వచ్చింది."

టీ గ్లాసు కింద పెట్టేశాను. "మరి ఎందుకు చెప్పలేదు బాబాయ్? ఇన్నాళ్ళు!"

ఆయన వాళ్ళావిడ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు. "ఆ రోజు నా ప్యాంటు తడిసిపోయింది. ఈ వయసులో. నువ్వు ఉక్కు నరాలతో ఆపేశావని వాళ్ళు అంటుంటే, ఓహో, అసలంత ప్రమాదమే కాలేదన్నమాట అని నేనూ నమ్మేశాను. నీ ధైర్యం నా పరువుక్కూడా పనికొచ్చింది."

కోపం రావాలి నాకు. నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. అంతలోనే పిచ్చుక చెయ్యి గుర్తొచ్చింది. ఇద్దరం ఒకేసారి ఆపేశాం.

ఏప్రిల్ 2, గురువారం

ఇప్పుడు ప్రతి మాటకూ ఆగి దించుతున్నాను. బాబాయ్ తుమ్మినా ఆపుతున్నాను. అన్న ముసలోడైపోయాడని కింద గుసగుసలు. ఇంజినీరు రోజూ టైము చూపిస్తున్నాడు. చూపించుకోనీ.

పిచ్చుక సోమవారం వచ్చేస్తుందట. కట్లు ఇంకా పూర్తిగా విప్పలేదు, వద్దంటే వినడం లేదట. వాళ్ళమ్మ ఫోన్లో గర్వంగా చెప్పింది.

 ఆ పిల్ల మళ్ళీ హుక్కు కింద నిలబడుతుంది. ఈసారి వేళ్ళు కాక తల ఉన్నా, కొంచెం ఎత్తక్కా అంటుంది.

ఏప్రిల్ 6, సోమవారం

చెయ్యి నొప్పిగా ఉంది, గొంతు అసలు లేదు. అయినా రాయాలి.

పొద్దున పిచ్చుక వచ్చింది. అందరూ దాని భుజం తట్టారు. "వీరనారి వచ్చింది," అన్నాడు ఇంజినీరు. బాబాయ్ పక్కన నిలబడి, ఎడంచేత్తో రేడియో పట్టుకుంది. ఈసారి బాబాయ్ దాన్ని హుక్కుకు ఆమడ దూరంలో నిలబెట్టాడు.

నేను పైకెక్కాను. మధ్యలో ఆగాను. బూటు లేసు కట్టుకోలేదు. ఊరికే, అందరికీ కనబడేలా, కడ్డీ వాటేసుకుని నిలబడి, మళ్ళీ ఎక్కాను.

మొదటి కట్ట హుక్కుకు తగిలించారు. "ఎత్తు," అంది పిచ్చుక. బల్లపరుపు గొంతు.

నేను ఎత్తలేదు.

"ఎత్తక్కా."

"ముందు ఒకసారి గట్టిగా అరువు," అన్నాను.

 "ఏంటక్కా?"

"అరువమ్మా. ఆ రోజు బాబాయ్ పడ్డప్పుడు అరిచావే, అలాగ. అది వింటే గానీ ఎత్తను. నీకు ఏదైనా అయితే నీ కేక ఎలా ఉంటుందో నా చెవికి తెలియాలి."

ఇంజినీరు మధ్యలోకి వచ్చాడు, "ఏంటన్నా ఇది? లారీలు ఆగి ఉన్నాయి."

"ఉండనివ్వండి," అన్నాను.

పిచ్చుక ప్రయత్నించింది. "ఆ," అంది, డాక్టరుకు గొంతు చూపించినట్టు. మళ్ళీ "ఆ" అంది. కింద ఎవరో కిసుక్కున నవ్వారు. కాసేపటికి పిల్ల అంది, "రావట్లేదక్కా."

ఆ మాట కూడా అదే గొంతుతో అంది.  రావడం లేదంటే రావడం లేదు. నేనే ఆ గొంతును అంత చదును చేసి పెట్టాను. దాని వేళ్ళ చివర్లు డాక్టర్లు తీస్తే, దాని కేక నేను తీసేశాను.

కాళ్ళ కింది గోనెపట్టా లాగి పారేశాను. అద్దంలోంచి అంతా కనిపించింది. చీమల్లా మనుషులు, పసుపు హెల్మెట్లు, లిఫ్టు గోడ, ఊచల అడవి. మధ్యలో అన్నిటికంటే చిన్న హెల్మెట్టు. ఎంత ఎత్తులో కూర్చున్నానో నెలరోజుల తర్వాత చూశాను. ముచ్చెమటలు పట్టాయి. 

ఇలా చేద్దామని నేను అనుకోలేదు. బటన్ నొక్కాను. అరిచాను.

అది నా గొంతేనా అని నాకే తెలియలేదు. బాబాయ్ మాట ఆగినప్పుడు రావలసిన కేక అది. నీళ్ళ సీసా మూత పెట్టినప్పుడు రావలసిన కేక. నాన్న పోయిన రోజు, నన్ను చూపించి అమ్మ 'వీడున్నాడుగా' అన్నప్పుడు రావలసింది కూడా ఉందేమో అందులో. బటన్ మీంచి వేలు తియ్యకుండా ఊపిరున్నంతవరకూ అరిచాను.

సైటు మొత్తం ఆగిపోయింది. సుత్తి చప్పుడు లేదు, మిక్సర్ చప్పుడు లేదు. పసుపు హెల్మెట్లన్నీ పైకి తిరిగాయి.

"అన్నా! ఏమైంది? అన్నా!" ఇంజినీరు గొంతు వణికింది.

"భయమేసింది," అన్నాను. "రోజూ వేస్తుంది."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రేడియో గరగరలాడింది. ముందు చిన్న మూలుగు వచ్చింది. వేళ్ళు ఎక్కడో ఇంకా ఇరుక్కుని ఉన్నట్టు. తర్వాత అది పెరిగింది. పిచ్చుక అరిచింది. అంత చిన్న మనిషిలో అంత కేక ఎక్కడ పట్టిందో! మధ్యలో "అమ్మా" అంది, "నా చెయ్యి" అంది, "ఎత్తు, ఎత్తు, ఎత్తవేం" అంది. 'ఎత్తవేం' అన్న మాట నాకే. నేను అద్దం మీద వంగి, రెండు చేతులూ లివర్లమీంచి తీసి, ఆ మాట పడనిచ్చాను. ఏడ్చాను కూడా. ఎవరికి కనబడినా ఫరవాలేదు.

పిల్ల ఆగాక బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నాదీ ఒకటి బాకీ ఉంది గానీ, తర్వాత చూద్దాం. ముందు కట్ట ఎత్తండి."

"ఎత్తు," అంది పిచ్చుక. గొంతు వంకరటింకరగా, ఎక్కిళ్ళ మధ్య.

ఎత్తాను.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే అమ్మ వంటింట్లోంచి పలకరించింది. నేనేదో అన్నాను, మాట బయటికి రాలేదు.

"గొంతు ఏమైందే?" అంది అమ్మ.

ఏమైందిరా అనలేదు. అలవాటు తప్పి వచ్చిందో, తెలిసే అందో. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"అరిచాను," అన్నాను, వచ్చిన గొంతుతోనే.

"ఎందుకు?"

"భయమేసి."

అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది. నన్ను చూడకుండా, గోడవైపు తిరిగి అంది.

"నాకు వినబడిందే. పొద్దున. నీ గొంతని తెలీలేదు గానీ, నీదే అనిపించింది." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తడి లేని చెయ్యి. "నేనా కిటికీ మూసేది దుమ్ముకి కాదు. తీస్తే నీ క్రేను కనిపిస్తుంది."

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. గడియ బిగుసుకుపోయి ఉంది. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. దుమ్ము కూడా వచ్చింది, ఆవిడ చెప్పినంతా. దుమ్ముకు అవతల నా క్రేను, ఖాళీ హుక్కు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది. వణుకుతున్నది ఎవరి చెయ్యో తెలియలేదు.